పాడని పిల్లల పక్షాన

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినిపిస్తోందా? సరే, మొదలుపెడదాం.

పౌరహక్కుల మీద, మత స్వేచ్ఛ మీద వచ్చిన చరిత్రాత్మక తీర్పుల గురించి మాట్లాడమన్నారు. ఈ అంశం మీద ప్రసంగం అంటే మామూలుగా కేసుల పేర్లు, సంవత్సరాలు వరసగా అప్పజెప్పడమే అవుతుంది. మీలో చాలామంది లా విద్యార్థులు. ఆ జాబితా ఎలాగూ మీ నోట్సులో ఉంటుంది. అందుకని నేను ఒక్క ప్రశ్న పట్టుకుని వెళ్తాను. ఎవరైనా కోర్టుకొచ్చి "ఇది నా మతం, నా జోలికి రాకండి" అన్నప్పుడు జడ్జి అడగాల్సింది ఏమిటి? "మీ గ్రంథంలో అలా ఉందా?" అనా? లేక "నువ్వు దీన్ని నిజంగా నమ్ముతున్నావా, దీనివల్ల ఇంకెవరి హక్కుకైనా దెబ్బ తగులుతోందా?" అనా?

మన సుప్రీంకోర్టు ఎక్కువసార్లు మొదటి ప్రశ్నే అడుగుతూ వచ్చింది. అది తప్పుదారి అని నా అభిప్రాయం. రెండో ప్రశ్న అడిగిన తీర్పులు తక్కువ. వాటిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన తీర్పు రాసింది మన తెలుగువారే, జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి గారు. అనంతపురం జిల్లా నుంచి వెళ్లి సుప్రీంకోర్టు జడ్జి అయిన మనిషి.

కేసు పేరు బిజో ఇమ్మాన్యుయేల్ వర్సెస్ కేరళ ప్రభుత్వం. 1986 ఆగస్టు 11న తీర్పు వచ్చింది. కొట్టాయం జిల్లాలో ఒక హైస్కూలు. అక్కడ చదువుతున్న ముగ్గురు తోబుట్టువులు, పదో తరగతి, తొమ్మిది, అయిదు. వాళ్ల కుటుంబం యెహోవా సాక్షులు అనే చిన్న క్రైస్తవ శాఖకు చెందినది. రోజూ పొద్దున ప్రార్థన సమయంలో జనగణమన పాడతారు కదా, అప్పుడు ఈ పిల్లలు అందరితోపాటు లేచి నిలబడతారు, మర్యాదగా నిలబడతారు, కానీ నోరు తెరిచి పాడరు. దేవుడికి తప్ప ఇంకెవరికీ, చివరికి దేశానికైనా సరే, స్తుతిగీతం పాడకూడదని వాళ్ల నమ్మకం.

ఈ తీర్పు మొదటి పేజీ ఒకసారి చదవండి. న్యాయస్థానాల భాష ఎంత బరువుగా ఉంటుందో మీకు తెలుసు. ఇక్కడ మాత్రం కథ చెప్పినట్టు ఉంటుంది. ఈ పిల్లల కంటే ముందు వాళ్ల అక్కలు కూడా అదే స్కూల్లో చదివారట, వాళ్లూ పాడలేదట, ఏళ్ల తరబడి ఎవరూ పట్టించుకోలేదట. 1985 జులైలో "ఒక దేశభక్తుడైన పెద్దమనిషి" గమనించేదాకా. ఆ పెద్దమనిషి ఎమ్మెల్యే కూడా కావడంతో అసెంబ్లీలో ప్రశ్న వేశారు. ఆ వాక్యంలో ఉన్న చురక చూడండి. ఎవరినీ పల్లెత్తు మాట అనకుండానే అనాల్సింది అనేశారు.

అసెంబ్లీలో గొడవయ్యాక విచారణకు ఒక కమిషన్ వేశారు. పిల్లలు బుద్ధిమంతులేననీ, జాతీయ గీతాన్ని ఎక్కడా అవమానించలేదనీ కమిషనే చెప్పింది. అయినా సరే, విద్యాశాఖ అధికారి ఆదేశాల మేరకు 1985 జులై 26న హెడ్మిస్ట్రెస్ ఆ ముగ్గురినీ స్కూలు నుంచి తీసేసింది. తండ్రి వెళ్లి, కనీసం ప్రభుత్వం ఏదో ఒకటి తేల్చేదాకా పిల్లల్ని కూర్చోనివ్వమని అడిగాడు. తన చేతుల్లో లేదంది.

కేరళ హైకోర్టుకు వెళ్లారు. సింగిల్ జడ్జి దగ్గరా ఓడిపోయారు, డివిజన్ బెంచి దగ్గరా ఓడిపోయారు. హైకోర్టు ఏం చేసిందో చూడండి, నేను చెప్పదలుచుకున్న విషయం సరిగ్గా ఇక్కడే ఉంది. జనగణమన తీసుకుని అందులో ఒక్కో మాట, ఒక్కో భావం పరిశీలించింది. ఎవరి మతాన్నీ నొప్పించే మాట ఇందులో ఒక్కటీ లేదు, కాబట్టి మీ అభ్యంతరం చెల్లదంది. పైకి ఎంత న్యాయంగా ఉందో కదా!

చిన్నపరెడ్డి గారు దీన్ని ఒక్క దెబ్బతో తేల్చేశారు. అసలు ప్రశ్న అది కానే కాదన్నారు. ఈ పిల్లలకు ఆ పాట భాష మీదా అభ్యంతరం లేదు, భావం మీదా లేదు. ఇక్కడ జనగణమన పాడరు, వాళ్ల మతస్థులు బ్రిటన్‌లో అక్కడి గీతం పాడరు, అమెరికాలో అక్కడిదీ పాడరు. పాట ఏదైనా ఒకటే. ఒక నమ్మకం మన బుద్ధికి నచ్చుతుందా, మన మనసుకు ఒప్పుతుందా అనేది కోర్టుకు అనవసరం. ఆ నమ్మకం నిజాయితీగా, మనస్సాక్షిగా ఉన్నదా, అంతే. ఈ మాటకు మద్దతుగా ఆయన బొంబాయి హైకోర్టు పాత తీర్పు ఒకటి తెచ్చారు, పార్శీల కేసు, బ్రిటిష్ కాలం నాటిది. ఒక సమాజం ఫలానాది నమ్ముతోందని రుజువైతే లౌకిక న్యాయమూర్తి దాన్ని అంగీకరించాల్సిందే, ఆ నమ్మకం మీద తీర్పు చెప్పడం ఆయన పని కాదు అని అందులో జస్టిస్ దావర్ రాశారు.

ఇక చట్టం సంగతి. జాతీయ గీతం పాడి తీరాలని చెప్పే చట్టం దేశంలో ఏదీ లేదని కోర్టు చూపించింది. 1971 నాటి జాతీయ గౌరవ అవమానాల నివారణ చట్టం ఉంది. ఎవరైనా పాడుతుంటే కావాలని అడ్డుకోవడం, పాడుతున్న సభను చెదరగొట్టడం నేరం అంటుంది ఆ చట్టం. గౌరవంగా లేచి నిలబడి ఊరుకుంటే ఏ సభ చెదిరిపోతుంది? కేరళ విద్యాశాఖ చూపించింది రెండు సర్క్యులర్లు. 19వ అధికరణ ఇచ్చే భావప్రకటన స్వేచ్ఛకు పరిమితి పెట్టాలంటే చట్టం ఉండాలి. ఆఫీసు సర్క్యులర్‌తో ప్రాథమిక హక్కు తీసేయడం కుదరదు. 25వ అధికరణ కింద మత స్వేచ్ఛకు కూడా అంతే, శాంతిభద్రతలు, నైతికత, ఆరోగ్యం, ఇతర ప్రాథమిక హక్కులు, వీటి కోసం చట్టం చేసి పరిమితి పెట్టొచ్చు తప్ప ఎవరికి తోచినట్టు వాళ్లు కాదు. పిల్లల్ని తిరిగి చేర్చుకోమనీ, ఆటంకం లేకుండా చదువుకోనివ్వమనీ ఆదేశించారు. చివర్లో ఒక మాట ఉంది, అది మీరు ఎక్కడో ఒకచోట వినే ఉంటారు. మన సంప్రదాయం సహనం నేర్పుతుంది, మన తత్వం సహనం బోధిస్తుంది, మన రాజ్యాంగం సహనాన్ని ఆచరిస్తుంది, దాన్ని పలుచన చేయవద్దు అని.

ఈ తీర్పు ఒంటరిగా పుట్టలేదు. నలభై ఏళ్ల ముందు ఇదే మతస్థుల పిల్లలు, ఇలాంటి గొడవతోనే, అమెరికా సుప్రీంకోర్టు గడప తొక్కారు. ఒకసారి కాదు, రెండుసార్లు.

మొదటిది 1940లో. పెన్సిల్వేనియాలో మైనర్స్‌విల్ అనే బొగ్గు గనుల ఊరు. అక్కాతమ్ముళ్లిద్దరు జెండాకు సెల్యూట్ చేయలేదని స్కూలు నుంచి పంపేశారు. సుప్రీంకోర్టు 8–1 తేడాతో స్కూలు బోర్డు పక్షాన నిలిచింది. జాతీయ ఐక్యతే జాతీయ భద్రతకు పునాది అన్నట్టు జస్టిస్ ఫ్రాంక్‌ఫర్టర్ రాశారు. యూరప్‌లో యుద్ధం రగులుతోంది, ఫ్రాన్స్ కూలిపోతోంది, అందరికీ టెన్షన్. జస్టిస్ స్టోన్ ఒక్కరే కాదన్నారు. ఆ తీర్పు వచ్చిన వారంలోపే ఏమైందో తెలుసా? యెహోవా సాక్షుల మీద ఊరూరా దాడులు మొదలయ్యాయి. మెయిన్ రాష్ట్రంలో కెనెబంక్ అనే ఊళ్లో వాళ్ల ప్రార్థనా మందిరాన్ని తగలబెట్టారు. అత్యున్నత న్యాయస్థానమే వీళ్లు దేశభక్తులు కారన్నట్టు మాట్లాడితే వీధిలో ఉన్నవాడు ఇంకేం ఆగుతాడు?

రెండేళ్లు తిరిగేసరికి, మెజారిటీలో ఉన్న ముగ్గురు జడ్జీలు వేరే కేసులో అసమ్మతి తీర్పు రాస్తూ, అప్పుడు మేం తప్పు చేశామని అచ్చులోనే ఒప్పుకున్నారు. న్యాయచరిత్రలో ఇలాంటిది బహు అరుదు. దాంతో వెస్ట్ వర్జీనియా నుంచి ఇంకో కేసు వెళ్లింది, అదే బార్నెట్ కేసు. 1943 జూన్ 14న తీర్పు. అమెరికాలో అది జెండా పండుగ రోజు! 6–3 తేడాతో పాత తీర్పును కొట్టేశారు. జస్టిస్ రాబర్ట్ జాక్సన్ రాసిన ఆ తీర్పు సారాంశం ఇది: రాజకీయాల్లో గానీ, జాతీయతలో గానీ, మతంలో గానీ సరైన అభిప్రాయం ఏదో నిర్ణయించే అధికారం ఏ అధికారికీ లేదు, చిన్నవాడికీ లేదు, పెద్దవాడికీ లేదు. అందరిచేతా ఒకే మాట బలవంతంగా అనిపించాలని చూస్తే చివరికి దొరికేది శ్మశానంలోని ఏకాభిప్రాయమే అన్నారు. ఆయన ఈ హక్కును ఒక్క మతానికే కట్టేయలేదు. మతం ఉన్నా లేకపోయినా, నమ్మని మాట నోటితో పలకనని అనే హక్కు ప్రతివాడికీ ఉంది.

ఒక చిన్న పిట్టకథ. ఈ రెండు కేసుల్లోనూ ఆ కుటుంబాల ఇంటిపేర్లు కోర్టు రికార్డుల్లో తప్పుగా పడ్డాయి. చరిత్రలో ఆ తప్పు పేర్లతోనే మిగిలిపోయారు. కోర్టు క్లర్కులు ఎక్కడైనా ఒకటే అన్నమాట. (నవ్వులు)

అమెరికా నుంచి ఇంకొక్క కేసు చెప్పి మన దగ్గరికి వస్తాను. 1981, ఇండియానా రాష్ట్రం, థామస్ కేసు. ఉక్కు ఫౌండ్రీలో పనిచేసే ఒకాయన్ని యుద్ధ ట్యాంకుల భాగాలు చేసే విభాగానికి మార్చారు. ఆయనా యెహోవా సాక్షే. ఆయుధాలు చేయడం నా మతానికి విరుద్ధం అని ఉద్యోగం మానేశాడు, నిరుద్యోగ భృతి అడిగాడు. ప్రభుత్వం ఏమందంటే, అదే ఫౌండ్రీలో మీ మతస్థుడే ఇంకొకడు ఉన్నాడు, ఈ పని చేస్తే తప్పు లేదంటున్నాడు, మరి నీకేంటి అభ్యంతరం? సుప్రీంకోర్టు ప్రభుత్వాన్ని తప్పుపట్టింది. ఒకే మతంలో ఇద్దరు వేరేగా అర్థం చేసుకోవచ్చు, గ్రంథానికి భాష్యం చెప్పే మధ్యవర్తులం మేం కాదు అంది. నమ్మకం ఇతరులకు తర్కబద్ధంగా తోచాలని కూడా లేదంది. ఆ కోర్టు అన్నివేళలా ఇంత ఉదారంగా లేదు లెండి. 1990లో ఆరెగన్ రాష్ట్రం నుంచి వచ్చిన స్మిత్ కేసులో, అందరికీ సమానంగా వర్తించే చట్టమైతే మతం పేరు చెప్పి తప్పించుకోలేరని తేల్చింది. ఆ కేసులో ఓడిపోయినవాళ్లు ఆదివాసుల చర్చిలో క్రతువులో భాగంగా పెయోటీ అనే మత్తు కలిగించే మొక్కను సేవించి ఉద్యోగాలు పోగొట్టుకున్న ఇద్దరు.

ఇప్పుడు మన కథ. 1954, శిరూర్ మఠం కేసు. ఉడుపి అష్ట మఠాల్లో అది ఒకటి. మద్రాసు ప్రభుత్వం 1951లో చేసిన దేవాదాయ చట్టాన్ని మఠాధిపతి సవాలు చేశారు. ఏడుగురు జడ్జీల ధర్మాసనం తరఫున జస్టిస్ బి.కె. ముఖర్జియా రాశారు. ఏది మతం, ఏది లౌకికం అని ఎవరు చెప్పాలి? మత సిద్ధాంతాలే ప్రధానంగా చెప్పాలన్నారు. దేవుడికి ఫలానా వేళకు నైవేద్యం పెట్టాలి, ఫలానా పద్ధతిలో హోమం చేయాలి అని మతం చెబితే, అందులో డబ్బు ఖర్చవుతుంది, మనుషులు పనిచేస్తారు, అంతమాత్రాన అది వ్యాపారం అయిపోదు, మతమే అవుతుంది. చాలా విశాలమైన తీర్పు అది. మఠానికి అనుకూలమైన తీర్పు.

విచిత్రం ఏమిటంటే, మతానికి రక్షణగా వచ్చిన ఈ సూత్రమే మెల్లగా మతాన్ని జల్లెడ పట్టే సాధనంగా మారింది. ముందు అడిగింది "ఇది మతానికి సంబంధించిన పనా, కాదా?" అని. కొన్నాళ్లకు అడిగింది "ఇది ఆ మతంలో ముఖ్యమైనదా, కాదా?" అని. ఈ రెండూ ఒకటి కావు. 1961లో అజ్మీర్ దర్గా కేసులో జస్టిస్ గజేంద్రగడ్కర్ ఇంకో అడుగు వేశారు. మూఢనమ్మకాల్లోంచి పుట్టి మతానికి అంటుకున్న అనవసరపు ఆచారాలు కూడా ఉంటాయి, వాటికి రక్షణ లేదన్నారు. 1966లో స్వామినారాయణ సత్సంగీల కేసులో, మేం హిందువులం కాదు, మా గుళ్లలోకి దళితుల ప్రవేశ చట్టం మాకు వర్తించదు అని వాళ్లు వాదిస్తే, హిందూమతం అంటే ఏమిటో ఆయనే పేజీలకు పేజీలు రాశారు. ఫలితం మంచిదే. దళితులకు గుడి తలుపులు తెరుచుకున్నాయి. కానీ మీరు మీ మతాన్ని అపార్థం చేసుకున్నారు అని భక్తులకు జడ్జి చెప్పడం ఏమిటండీ?

ఈ దారి ఎక్కడికి తీసుకెళ్తుందో చూడాలంటే ఆనందమార్గ్ కేసు చదవండి. ఆనందమార్గీలు పుర్రె, కత్తి, త్రిశూలం పట్టుకుని కలకత్తా వీధుల్లో తాండవ నృత్యం చేస్తామన్నారు. పోలీసులు ఒప్పుకోలేదు. పుర్రెలు, కత్తులతో ఊరేగింపు అంటే పోలీసులు కంగారుపడటంలో అర్థం ఉంది. శాంతిభద్రతల కారణంతో పరిమితి పెడితే సరిపోయేది. 1983లో సుప్రీంకోర్టు ఏమందంటే, మీ సంస్థ పుట్టింది 1955లో, తాండవం వచ్చింది 1966లో, కాబట్టి తాండవం మీ మతానికి తప్పనిసరి కాదు. సరే అని వాళ్లేం చేశారు? సంస్థాపకుడు గ్రంథాన్ని సవరించి తాండవం తప్పనిసరి అని రాశారు. మళ్లీ కోర్టుకొచ్చారు. 2004లో 2–1 తేడాతో సుప్రీంకోర్టు, ఇలా తర్వాత చేర్చినవి చెల్లవు, మతం పుట్టినప్పటి నుంచీ ఉండాలి అంది. అంటే మతస్థాపకుడు బతికున్నప్పుడే, ఇదిగో నేను చెబుతున్నాను అని రాసిపెట్టినా, నీ మతం సంగతి నీకంటే మాకు బాగా తెలుసు అన్నట్టయింది! జస్టిస్ లక్ష్మణన్ మాత్రం దీనితో విభేదించారు.

మన రాష్ట్రం నుంచి వెళ్లిన నారాయణ దీక్షితులు కేసు కూడా ఇక్కడ చెప్పాలి. ఆంధ్రప్రదేశ్ 1987 దేవాదాయ చట్టం తిరుమలతో సహా ఆలయాల్లో వంశపారంపర్య అర్చకత్వాన్ని, మిరాశీలను, అంటే తరతరాలుగా వచ్చే ఆలయ హక్కులను, రద్దు చేసింది. 1996లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. అర్చకుడు చేసే పూజ మతం, అర్చకుణ్ని నియమించడం లౌకికం అని గీత గీసింది. ఈ గీత నాకు ఒప్పుకోదగ్గదిగానే కనిపిస్తుంది, ఎందుకంటే ఇక్కడ కోర్టు పూజ జోలికి పోలేదు.

ఇంతవరకు చెప్పింది విని, అయితే ఎవడేం నమ్మినా వదిలేయాలా అని మీకు అనిపించొచ్చు. కాదు. నా రెండో ప్రశ్న మర్చిపోవద్దు. ఇంకెవరి హక్కుకైనా దెబ్బ తగులుతోందా?

అమెరికాలో సౌత్ కరోలినాలో ఒక హోటళ్ల యజమాని నల్లజాతివాళ్లకు బల్ల దగ్గర కూర్చోబెట్టి భోజనం పెట్టనన్నాడు. జాతులు కలవడం దేవుడి ఇష్టానికి విరుద్ధమట, పౌరహక్కుల చట్టం తన మత స్వేచ్ఛను హరిస్తోందట. 1968లో సుప్రీంకోర్టు ఆ వాదన వినడానికి కూడా అర్హమైనది కాదని పక్కన పెట్టింది. దానికి ఏడాది ముందు, లవింగ్ కేసులో, తెల్లవాడు నల్లజాతి స్త్రీని పెళ్లిచేసుకోవడం నేరమనే వర్జీనియా చట్టాన్ని కొట్టేసింది. అందులో కింది కోర్టు జడ్జి రాసినది చదివితే ఒళ్లు మండుతుంది. దేవుడు జాతుల్ని వేర్వేరు ఖండాల్లో పెట్టాడంటే అవి కలవకూడదనే కదా ఆయన ఉద్దేశం అన్నాడు. ఆ హోటలాయన నమ్మకం నిజాయితీ అయినదే కావచ్చు. నేను కాదనను. కానీ అది ఇంకో మనిషి ముఖం మీద తలుపు వేస్తోంది.

మన దగ్గర 1957 నాటి వెంకటరమణ దేవరు కేసు సరిగ్గా ఇదే చేసింది, నాకు ఎంతో నచ్చిన తీర్పు. దక్షిణ కన్నడలో మూల్కి ఆలయం, గౌడ సారస్వత బ్రాహ్మణులది. దళితులకు ప్రవేశం లేదన్నారు, ఆగమాలు చూపించారు. జస్టిస్ వెంకటరామ అయ్యర్ ఏమన్నారు? ఔను, గుడిలోకి ఎవరు రావాలన్నది మతవిషయమే, ఆగమాలు అలాగే చెబుతున్నాయి. అయినా హిందూ దేవాలయాలు అన్ని వర్గాల హిందువులకూ తెరవడానికి రాజ్యాంగం 25వ అధికరణలోనే వీలు కల్పించింది, అదే పైచేయి. చూశారా, మీ మతంలో అలా లేదు అని భక్తులకు పాఠం చెప్పలేదు. మీ నమ్మకం మీదే, కానీ ఇక్కడ ఆగాలి అన్నారు. ఎంత నిజాయితీ ఉంది అందులో!

దీనికి పూర్తిగా ఎదురు దిక్కున నిలిచేది 1962లో దావూదీ బోరాలు అనే ముస్లిం శాఖ కేసు. మతపెద్దకు వెలివేసే అధికారం ఉందని, వెలిని నిషేధించిన బొంబాయి చట్టం చెల్లదని సుప్రీంకోర్టు అంది. వెలికి గురైనవాడి పౌరజీవితం ఏమవుతుందని ప్రధాన న్యాయమూర్తి సిన్హా ఒక్కరే అడిగారు. ఆయనే సరి అని నా ఉద్దేశం.

శబరిమల గురించి అడుగుతారని తెలుసు. స్త్రీల ప్రవేశం మీద ఉన్న నిషేధాన్ని 2018లో 4–1 తేడాతో కొట్టేశారు. మెజారిటీ ఎక్కువ శ్రమ పడింది ఆ నిషేధం తప్పనిసరి మతాచారం కాదు అని నిరూపించడానికి. జస్టిస్ ఇందూ మల్హోత్రా అసమ్మతి తీర్పులో, భక్తుల నమ్మకాన్ని హేతువుతో కొలవడం కోర్టు పని కాదన్నారు. ఆ ఒక్క ముక్కలో ఆమెతో ఏకీభవిస్తాను, ఆమె చేరిన ముగింపుతో కాదు. స్త్రీల సమానత్వం ఒక పక్క, నిజమైన భక్తి ఒక పక్క, ఏది మొగ్గాలి అని సూటిగా తేల్చి ఉంటే కనీసం చర్చ అసలు విషయం మీద జరిగేది. 2019లో ఈ ప్రశ్నల్నే పెద్ద ధర్మాసనానికి పంపారు.

హిజాబ్ కేసు మళ్లీ ఉడుపిలోనే మొదలైంది చూడండి, శిరూర్ మఠం ఉన్న ఊళ్లోనే. 2022 మార్చిలో కర్ణాటక హైకోర్టు ఖురాన్ వాక్యాలు తిరగేసి, హిజాబ్ తప్పనిసరి కాదంది. ఆ అక్టోబర్‌లో సుప్రీంకోర్టులో ఇద్దరు జడ్జీలు చెరోవైపు తేలారు. జస్టిస్ హేమంత్ గుప్తా హైకోర్టును సమర్థించారు. జస్టిస్ సుధాంశు ధూలియా, ఈ కేసుకు అసలు ఆ తప్పనిసరి పరీక్షే అక్కర్లేదన్నారు. ఆయన దేని మీద ఆధారపడ్డారో ఊహించగలరా? చిన్నపరెడ్డి గారి తీర్పు మీద. గ్రంథంలో ఉందా అని కాదు, ఆ అమ్మాయి నమ్మకం నిజమా, దానివల్ల ఎవరికి నష్టం, హిజాబ్ వద్దంటే ఆమె చదువు ఏమవుతుంది అని అడిగారు.

నా టైము అయిపోయింది. ఒకటి రెండు ప్రశ్నలు తీసుకుంటాను.

(సభలోంచి ప్రశ్న: నిజాయితీ అని ఎవరైనా చెప్పొచ్చు కదా సార్? అబద్ధమాడితే ఎలా తెలుస్తుంది?)

మంచి ప్రశ్న. అబద్ధాన్ని పట్టుకోవడం జడ్జీలకు రోజూ ఉన్న పనే. మోసం కేసుల్లో, వీలునామాల్లో అదే కదా చేస్తారు. నిన్నటిదాకా పాడి ఇవాళ హఠాత్తుగా మానేశాడా? ఇంట్లో ఒకలా, బయట ఒకలా ఉన్నాడా? దానికోసం ఏమైనా పోగొట్టుకోవడానికి సిద్ధపడ్డాడా? ఆ కొట్టాయం పిల్లల విషయంలో అక్కల కాలం నుంచీ అదే నడుస్తోంది. సాక్ష్యంతో తేలే విషయం ఇది. కానీ దేవుడు ఏమన్నాడో సాక్ష్యంతో తేలదు. 1944లోనే అమెరికా సుప్రీంకోర్టు బాలార్డ్ కేసులో జ్యూరీ నమ్మకంలోని సత్యాన్ని తేల్చకూడదంది. నిజాయితీని కూడా తేల్చొద్దని జస్టిస్ జాక్సన్ అన్నారు. నేను అంతదూరం వెళ్లను.

(ఇంకో ప్రశ్న: రేపు మా దగ్గరికి ఇలాంటి కేసు వస్తే ఎక్కడ మొదలుపెట్టాలి?)

గ్రంథాలు, పండితుల అఫిడవిట్లు వెతకడంతో మొదలుపెట్టకండి, అందరూ చేసేది అదే. ముందు ఆ ఉత్తర్వు కాపీ తెప్పించుకోండి. ఎవరు ఇచ్చారు, ఏ చట్టంలో ఏ సెక్షన్ కింద ఇచ్చారు చూడండి. చాలాసార్లు అక్కడ సెక్షనే ఉండదు, సంతకం, స్టాంపు మాత్రమే ఉంటాయి. ఆ ముగ్గురు పిల్లల కేసులో సగం గెలుపు అక్కడే వచ్చింది. ఆ తర్వాత మీ క్లయింటు వల్ల ఎవరికి ఏ నష్టం జరిగిందో అవతలివాళ్లను చెప్పమనండి. పిటిషన్‌లో మొదటి రెండు పేరాలూ ఇవే రాయండి, మతం సంగతి మూడో పేరాలో వస్తే చాలు.